వాలీబాల్ ఆటలో "వెనుక వరుస": అర్థము, ప్రయోగము

సాయంకాలము కాగానే మన గ్రామములలో పాఠశాల ఆవరణమునందో, వరి కోసిన మడిలోనో రెండు గుంజలు పాతి నెట్ కట్టిన చోట యువకులు చేరుచుందురు. నిజామాబాదు పట్టణము మొదలుకొని ఎడపల్లి, బోధన్, రెంజల్, రుద్రూరు, వర్ని, కోటగిరి వరకు ఏ త్రోవను పోయినను ఈ దృశ్యము కనబడును. ఒక బంతి, ఒక నెట్, రెండు గుంజలు, పండ్రెండుగురు మనుష్యులు: ఇంతకు మించి పెట్టుబడి లేని ఆట గనుకనే వాలీబాల్ పల్లెలలో పాతుకొన్నది.

ఈ ఆట జరుగుచోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. అది "బ్యాక్". "నువ్వు బ్యాక్‌కు పో" అని ఒక బాలునితో అన్నచో, "నీకు ఆట రాదు, అడ్డము రాక దూరముగా నిలువుము" అనియే ఆ బాలుడు అర్థము చేసికొనును. చూచువారును అట్లే అనుకొందురు. పొడుగరి, బలశాలి, బంతిని కొనితెచ్చినవాడు నెట్ దగ్గర నిలుతురు. చిన్నవాడు, కొత్తవాడు, గట్టిగా అడుగజాలనివాడు సంవత్సరముల తరబడి వెనుకనే నిలుచుచుండును.

ఆటలోని ఒక స్థానమునకు పెట్టిన పేరు ఇట్లు మనిషి విలువను చెప్పు పేరుగా మారినది. ఇది మాటలో వచ్చిన పొరపాటు మాత్రమే కాదు. దీని ఫలితము మండల స్థాయి పోటీలలో బయటపడును. నియమము తెలిసిన రెఫరీ ఈల ఊదగానే మన జట్టువారు తెల్లబోవుదురు, తరువాత కలహమునకు దిగుదురు. ఆటకోర్టులోని తగవు ఒక్కొక్కప్పుడు ఊరి తగవై, పంచాయతీ గడప త్రొక్కుటయు కలదు. కావున "వెనుక వరుస" అను మాటకు ఆటలో గల అసలు అర్థమేమి, దానిని ఎట్లు ప్రయోగింపవలెను, దానివలన పంచాయతీ సభ్యులు గ్రహింపదగినదేమి అను విషయములను ఇచ్చట వివరింప దలచితిమి.

స్థానములు ఆరు

వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. నడుమ నెట్ ఉండును. కావున ఒక్కొక్క పక్షమునకు 9 మీటర్ల చదరపు మడి దక్కును. ఈ మడిలో నడిమి గీతకు 3 మీటర్ల దూరమున అడ్డముగా మరియొక గీత గీయవలెను. దానికి దాడి గీత అని పేరు. మన కుర్రవాండ్రు దానిని "త్రీ మీటర్ లైన్" అందురు. ఆ గీతకును నడిమి గీతకును మధ్య నున్న భాగము ముందు భాగము. ఆ గీతకు వెనుకనున్న 6 మీటర్ల భాగము వెనుక భాగము.

ప్రతి పక్షమున ఆరుగురు ఉందురు. ముగ్గురు ముందు వరుస, ముగ్గురు వెనుక వరుస. ఈ ఆరు స్థానములకును అంకెలు కలవు. నెట్ వైపు తిరిగి నిలుచున్నప్పుడు వెనుక వరుసలో కుడివైపుది 1వ స్థానము; సర్వీసు వేయువాడు ఇక్కడివాడే. దానికి ముందు, నెట్ దగ్గర కుడివైపుది 2. నెట్ దగ్గర నడిమిది 3. నెట్ దగ్గర ఎడమవైపుది 4. దానికి వెనుకది 5. వెనుక వరుస నడిమిది 6. అనగా 4, 3, 2 ముందు వరుస. 5, 6, 1 వెనుక వరుస.

ఇచ్చట ముఖ్యముగా గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ అంకెలు స్థలమునకు పెట్టినవే గాని మనిషికి పెట్టినవి కావు. చొక్కా మీది అంకె వేరు, స్థానపు అంకె వేరు. చొక్కా అంకె ఆట ముగియువరకు మారదు. స్థానపు అంకె ఆట సాగుకొలది మారుచుండును. ఆ మార్పునకే రొటేషన్ అని పేరు.

వంతు మారు పద్ధతి

ఎదుటి పక్షము సర్వీసు వేయుచుండగా ఆ బంతిని మన పక్షము గెలిచినచో మనకు పాయింటుతోపాటు సర్వీసు హక్కు వచ్చును. అప్పుడు సర్వీసు వేయుటకు ముందు మన ఆరుగురును గడియారపు ముల్లు తిరుగు దిక్కున ఒక్కొక్క స్థానము జరుగవలెను. 2లో నున్నవాడు 1కి వచ్చి సర్వీసు వేయును. 1లో నున్నవాడు 6కు, 6లోనివాడు 5కు పోవును. 5లో నున్నవాడు 4కు, అనగా నెట్ దగ్గరకు, వచ్చును. 4లోనివాడు 3కు, 3లోనివాడు 2కు జరుగుదురు. మన సర్వీసు మీద మనమే గెలుచుచున్నంత వరకు ఈ మార్పు లేదు. అదే మనిషి సర్వీసు వేయుచుండును.

ఇట్లు ఆరు మారులు తిరిగినచో ఒక చుట్టు పూర్తియగును. ఆ చుట్టులో ప్రతివాడును మూడు పర్యాయములు ముందు వరుసలోను, మూడు పర్యాయములు వెనుక వరుసలోను నిలుచును. ఎంతటి పొడుగరికైనను వెనుకకు పోక తప్పదు. ఎంతటి పొట్టివానికైనను నెట్ దగ్గరకు రాక తప్పదు. కావున "వెనుక వరుస ఆటగాడు" అనగా తక్కువ ఆటగాడని అర్థము కాదు. ఆ క్షణమున వెనుక వంతు వచ్చిన ఆటగాడు అని మాత్రమే అర్థము.

నిజాంసాగరు ఆయకట్టు రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కర లేదు. మంజీర నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన ఆ ప్రాజెక్టు క్రింద నీరు చాలని కాలమున కాలువలకు వంతులు వేయుదురు. నేడు నీటి వంతు లేనివాడు రైతు కాకపోడు. కాలువ చివరనున్నవాడు చిన్న రైతు కాడు. వంతు తప్పక వచ్చునను నమ్మకమే చివరి మడి రైతును నాటు వేయించును. శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమున పనిచేసిన కుటుంబములకు షిఫ్టుల మార్పు ఎరుకయే. చెరకు గానుగ ఆడు కాలమున రాత్రియు పగలును కర్మాగారము నడువవలెను. రాత్రి షిఫ్టువాడు తక్కువ, పగటి షిఫ్టువాడు ఎక్కువ అనుట అక్కడ చెల్లదు. ఆటలోని ముందు వెనుకలును అట్టివే.

స్థిర స్థానముల అలవాటు ఎక్కడిది?

వాలీబాల్ ఆటను 1895లో అమెరికా దేశమున హోలియోక్ పట్టణమున వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షకుడైన విలియం మోర్గన్ కల్పించెను. ఆసియా దేశములకు అది వై.ఎం.సి.ఏ. శిక్షకుల ద్వారా వచ్చినది. ఆసియాలో చిరకాలము తొమ్మండుగురు ఆడు పద్ధతి వ్యాపించియుండెను. మూడు వరుసలు, వరుసకు ముగ్గురు. ఎవరి స్థానము వారిదే, మార్పిడి లేదు. 1958లో టోకియోలో జరిగిన ఆసియా క్రీడలలో ఆరుగురి ఆట, తొమ్మండుగురి ఆట రెండును జరిగినవి. ఆ యేడు ఆరుగురి ఆటలో భారత జట్టు కాంస్య పతకమును, 1962లో జకార్తాలో రజత పతకమును సాధించెను. క్రమముగా తొమ్మండుగురి ఆట అంతర్జాతీయ పోటీలనుండి తొలగిపోయి, స్థానములు మారు ఆరుగురి ఆట నిలిచినది.

స్థానమార్పిడి లేని ఆట మన పల్లెలలో నేటికిని సాగుచున్నది. ఆరుగురే నిలుతురు గాని తిరుగరు. లిఫ్టరు ఎప్పుడును లిఫ్టరే, షూటరు ఎప్పుడును షూటరే, వెనుకవాడు ఎప్పుడును వెనుకవాడే. వినోదమునకు ఆడునప్పుడు ఇందు దోషము లేదనవచ్చును. కాని ఆటగానికి దీనివలన కలుగు నష్టము పెద్దది. వెనుకనే నిలిచిన బాలుడు ఎగిరి కొట్టుట ఎన్నడును నేర్వడు. నెట్ దగ్గరనే నిలిచిన యువకుడు ఎదుటివాని సర్వీసు అందుకొనుట నేర్వడు. ఇరువురును సగము ఆటగాండ్రే యగుదురు. పాఠశాల జట్టునకో, జిల్లా జట్టునకో ఎంపిక జరుగునాడు ఆ లోపము ఒక్క నిమిషములో బయటపడును. పొడవు చాలని కారణమున కాదు, వంతు దొరకని కారణమున ఒక బాలుని అవకాశము చేజారిపోవుట విచారకరము.

వెనుక వరుసవాని హక్కులు, హద్దులు

వెనుక వరుసవాడు బంతిని కొట్టరాదని పల్లెలలో ఒక భ్రమ కలదు. ఇది నిజము కాదు. అతడు కొట్టవచ్చును. ఎచ్చటనుండి కొట్టవలెననుటకు మాత్రమే నియమము కలదు. పోటీలలో తరచుగా తగవునకు కారణమగు సందర్భములను వరుసగా చూతము.

మొదటిది: వెనుక వరుసవాడు దాడి గీతకు వెనుకనుండి ఎగిరి, గాలిలో బంతిని కొట్టి, గీతకు ముందు దిగినాడు. ఇది తప్పు కాదు. ఎగురునప్పుడు పాదము ఎచ్చట నున్నదనునదే ప్రధానము; దిగు చోటుతో నిమిత్తము లేదు.

రెండవది: ఎగురునప్పుడు అతని పాదము దాడి గీతను తాకినది, లేక దాటినది. అప్పుడు నెట్ పై అంచుకంటె పూర్తిగా ఎత్తున నున్న బంతిని కొట్టి అవతలికి పంపినచో తప్పు. గీతయు ముందు భాగములోనిదే గనుక, దానిపై కాలు పడినను ముందు భాగములో నున్నట్లే లెక్క.

మూడవది: వెనుక వరుసవాడు ముందు భాగములోనే నిలిచి బంతిని అవతలికి పంపినాడు, కాని తాకినపుడు బంతిలో కొంత భాగమైనను నెట్ పై అంచునకు దిగువన ఉన్నది. ఇది తప్పు కాదు. "బ్యాక్ వాడు ముందుకు వచ్చినాడు" అని కేకలు వేయుట వ్యర్థము.

నాలుగవది: వెనుక వరుసవాడు నెట్ దగ్గరకు వచ్చి, నెట్ పైకి చేతులెత్తి, ఎదుటివాడు కొట్టిన బంతిని అడ్డగించి తాకినాడు. ఇది తప్పు. బ్లాకు చేయు హక్కు ముందు వరుస ముగ్గురిదే. ముగ్గురు కలసి ఎగిరిన బ్లాకులో ఒకడు వెనుక వరుసవాడైనచో, బంతి ఆ ముగ్గురిలో ఎవరి చేతికి తగిలినను తప్పే యగును.

ఐదవది: లిఫ్టరు వెనుక వరుసలో నుండి, సర్వీసు పడగానే ముందునకు పరుగెత్తి వచ్చి బంతిని ఎత్తినాడు. ఇది తప్పు కాదు సరికదా, మంచి జట్లన్నియు అనుసరించు ఉపాయము. లిఫ్టరు వెనుక వరుసనుండి వచ్చినచో ముందు వరుసలోని ముగ్గురును కొట్టుటకు సిద్ధముగా నుందురు. ఎదుటి పక్షము ఎవరిని కాచుకొనవలెనో తెలియక తికమకపడును. అయితే ఆ లిఫ్టరు నెట్ దగ్గర ఎగిరి, నెట్‌కు పూర్తిగా పైనున్న బంతిని తానే అవతలికి త్రోసినచో అది తప్పగును.

నిలుచు క్రమము

సర్వీసు పడు సమయమున అందుకొను పక్షమువారు తమ వంతు స్థానములు తప్పక నిలువవలెను. 4కు వెనుక 5, 3కు వెనుక 6, 2కు వెనుక 1 ఉండవలెను. ఇవి మూడు జతలు. ఏ జతలోనైనను వెనుకవాడు తన ముందువానికంటె ముందునకు రారాదు. అట్లే ఒక వరుసలో కుడివాడు కుడికి, ఎడమవాడు ఎడమకు, నడిమివాడు నడుమకు ఉండవలెను. వేరు జతలవారి నడుమ ఈ పోలిక లేదు. 5వ స్థానమువాడు 3వ స్థానమువానికంటె నెట్‌కు దగ్గరగా నున్నను తప్పు గాదు. ఇదంతయు పాదములు నేలను తాకిన చోటును బట్టియే నిర్ణయింపబడును. సర్వీసు పడిన తరువాత ఎవరెచ్చటికైనను పోవచ్చును. కాని వెనుక వరుసవాడు ఎచ్చటికి పోయినను వెనుక వరుసవాడే. పైన చెప్పిన హద్దులు అతని వెంటనే యుండును.

2025 నుండి అమలులోనున్న అంతర్జాతీయ నియమావళి ప్రకారము సర్వీసు వేయు పక్షమువారు తమ భాగమున ఎచ్చటనైనను నిలువవచ్చును. దీనివలన సర్వీసు వంతు మాత్రము మారదు. వంతు తప్పి సర్వీసు వేసినచో ఎదుటివారికి పాయింటును సర్వీసును లభించును. తప్పు జరిగిన క్షణము నిర్ధారణమైనచో నాటినుండి ఆ పక్షము సంపాదించిన పాయింట్లును కొట్టివేయబడును. పూర్వము సర్వీసు వేయు పక్షమే పాయింటు పొందు పద్ధతి యుండెను. ఇప్పుడు ప్రతి బంతికిని పాయింటు గలదు. సెట్టు 25 పాయింట్లకు, ఐదవ సెట్టు 15 పాయింట్లకు, రెండేసి ఆధిక్యముతో ముగియును. కావున క్రమము ఎరుగకపోవుట నేడు మరింత ఖరీదైనది.

లిబెరో

వెనుక వరుసకు ఎంతటి విలువ గలదో తెలుపు మరియొక మాట లిబెరో. ఇది ఇటలీ భాషా పదము. స్వేచ్ఛ గలవాడని అర్థము. 1998లో అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య ఈ స్థానమును ప్రవేశపెట్టెను. లిబెరో జట్టువారికి భిన్నమైన రంగు చొక్కా తొడుగును. వెనుక వరుసలోని ఎవరికి బదులుగానైనను, రెఫరీ అనుమతి వేరుగ కోరకయే, కోర్టులోనికి వచ్చిపోవచ్చును. సాధారణ మార్పిడుల లెక్కలోనికి అతని రాకపోకలు చేరవు. అతనికి హద్దులును కలవు. అంతర్జాతీయ నియమముల ప్రకారము అతడు సర్వీసు వేయరాదు, బ్లాకు చేయరాదు, నెట్‌కు పూర్తిగా పైనున్న బంతిని కోర్టులో ఎచ్చటినుండియు కొట్టరాదు. ముందు భాగములో నిలిచి వేళ్ళతో తలమీదుగా అతడు ఎత్తిన బంతిని తోటివాడు నెట్‌కు పైనుండి కొట్టుటయు కూడదు.

ఆలోచింపుడు. ఒక్క పాయింటునైనను కొట్టి సంపాదింపజాలని మనిషికి ప్రపంచ క్రీడాసంస్థ ప్రత్యేకమైన పేరును, ప్రత్యేకమైన రంగును ఇచ్చినది. ఏలయనగా మొదటి బంతిని సరిగా అందుకొననిదే లిఫ్టరుకు పని లేదు. లిఫ్టరు ఎత్తనిదే షూటరుకు పని లేదు. నారుమడి చెడినచో కోతకు కొడవలి ఎందులకు?

నూలుమిల్లు బాలికల విజయము

వెనుక ఆట బలముతో ప్రపంచమును గెలిచిన జట్టు కథ మన చెరకు సీమవారికి తెలియదగినది. జపాను దేశమున ఒసాకా సమీపమున కైజుకా అనుచోట నిచిబో కంపెనీ నూలుమిల్లు ఉండెను. అందలి ఉద్యోగినులు పనివేళల అనంతరము వాలీబాల్ అభ్యసించుచుండిరి. వారి శిక్షకుడు దైమాట్సు హిరోబుమి. యూరపు క్రీడాకారిణులకంటె తమవారు పొడవున తక్కువయని అతడెరుగును. కావున కొట్టుటకంటె కాపాడుటకు ప్రాధాన్యమిచ్చెను. దూరముగా పడు బంతికై నేలపైకి దూకి, బంతిని లేపి, ఒక్క పొర్లుతో తిరిగి లేచి నిలుచు విద్యను వారికి నేర్పెను. 1962లో మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీలలో జపాను స్త్రీలు గెలిచిరి. 1964లో టోకియో ఒలింపిక్ క్రీడలలో వాలీబాల్ మొదటిసారిగా ప్రవేశింపగా, సోవియట్ జట్టును మూడు సెట్లలో ఓడించి స్వర్ణ పతకము గైకొనిరి. ఆ జట్టులో అత్యధికులు ఆ నూలుమిల్లు వారే.

మన తెలుగువారికిని ఈ ఆటలో గౌరవము కలదు. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టులో పి.వి. రమణ సభ్యుడు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సింధు ఆయన కుమార్తె. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగులో ప్రపంచ విజేత యైనది. చిన్న పట్టణమున పుట్టిన బాలికకు అభ్యాసస్థలము దొరికినచో ఎంతదూరము పోగలదో ఆమె చూపినది. మన గ్రామ కోర్టులో బాలికలకు వంతు కలదా యని ప్రతి సభ్యుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలసియున్నది.

పంచాయతీ చేయదగిన పనులు

2022లో మన రాష్ట్రమున గ్రామ క్రీడా ప్రాంగణముల కార్యక్రమము ప్రారంభమైనది. 2023లోను, 2024లోను సి.ఎం. కప్ పోటీలు జరిగినవి. 2024లో అవి గ్రామ పంచాయతీ స్థాయినుండియే మొదలైనవి. బోర్డు నిలిపినంత మాత్రమున ప్రాంగణము కాదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో చివరిది సామాజిక ఆస్తుల నిర్వహణ. ఆటస్థలము అట్టి ఆస్తియే. దానికై ఈ క్రింది పనులు చేయవచ్చును.

ఒకటి: కోర్టు చుట్టును కనీసము 3 మీటర్ల ఖాళీ విడువవలెను. అప్పుడు మొత్తము స్థలము 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు అగును. మన లెక్కలో ఇది మూడున్నర గుంటలకు కొంచెము మించును. వెనుక ఖాళీ లేనిచో వెనుక వరుసవాని ఆటయే లేదు. ముండ్లకంపలోనికో, గోడమీదికో పరుగెత్తవలసి వచ్చును. పొడవు ఉత్తర దక్షిణములుగా నుండవలెను. తూర్పు పడమరలుగా నున్నచో సాయంత్రపు ఎండ ఒక పక్షము కన్నులలో పడును.

రెండు: నల్లరేగడి నేల వేసవిలో బీటలు వారును, వానకు బురద యగును. పైన మొరం పరచి, తడిపి, రోలరు నడిపి, రాళ్ళు ఏరవలెను. పొర్లి లేచు ఆటకు రాయి లేని నేల ముఖ్యము.

మూడు: దాడి గీతను తప్పక గీయవలెను. పల్లె కోర్టులలో చుట్టు గీతలు ఉండును గాని ఈ గీత చాలచోట్ల ఉండదు. అది లేనిచో వెనుక వరుస యను మాటకే అర్థము లేదు. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. పొడి సున్నము కంటిలో పడినచో ప్రమాదము, ముగ్గుపిండి మేలు.

నాలుగు: నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. గుంజలపై రెండు గుర్తులును రంగుతో వేయించినచో బాలికల ఆటకు నెట్ దించుట సులభమగును. ఏ దినములలో, ఏ వేళ బాలికలదో గ్రామసభలో తెలిపి బోర్డుపై వ్రాయింపవలెను.

ఐదు: గ్రామ పోటీలలో ప్రతి సెట్టునకు ముందు రెండు పక్షములనుండియు ఆరు స్థానముల క్రమమును కాగితముపై వ్రాయించి తీసికొనవలెను. లెక్క వ్రాయువాడు దానిని ఎదుట నుంచుకొని, సర్వీసు ఎవరి వంతో చెప్పుచుండవలెను. ఒక్క కాగితపు ముక్క అనేక కలహములను ఆపును. పాఠశాల వ్యాయామోపాధ్యాయుని పిలిచి సంవత్సరమున కొక దినమైనను నియమములు చెప్పించుట మంచిది.

ఆరు: నిత్యాభ్యాసమున గూడ స్థానములు మారవలెనని యువజనులకు నచ్చజెప్పవలెను. మొదట కొన్నాళ్ళు ఆట కుంటుపడినట్లు తోచును. పొడుగరి వెనుకకు పోయి బంతిని జారవిడుచును. చిన్నవాడు నెట్ దగ్గర తడబడును. ఆ తడబాటే చదువు. దానికి ఓర్చుకొన్న జట్టుకు ఆరుగురు పూర్తి ఆటగాండ్రు తయారగుదురు.

పంచాయతీకిని ఆటకును గల పోలిక

రొటేషన్ అను మాట పంచాయతీ సభ్యులకు క్రొత్తది కాదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా 243-డి అధికరణము ఏర్పడినది. షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు ప్రత్యేకింపబడిన స్థానములను వేరువేరు వార్డులకు వంతులవారీగా కేటాయింప వచ్చునని ఆ అధికరణము చెప్పుచున్నది. సర్పంచి పదవులకును ఈ వంతు కలదు. మన రాష్ట్రమున పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. తరతరములుగా వెనుక నిలిచినవారు వంతు వచ్చి ముందునకు వచ్చుట, ముందున్నవారు కొంతకాలము వెనుక నిలిచి కాపుకాయుట, ఇదియే అందలి భావము. వంతు వచ్చిన సభ్యురాలిని పేరునకు ముందు నిలిపి, ఆమెకు బదులు మరియొకరు బంతి కొట్టినచో అది ఆటలోను తప్పే, పరిపాలనలోను తప్పే.

కావున గ్రామమున ఎవరైనను "బ్యాక్‌కు పో" అన్నప్పుడు, "ఇప్పుడు పోయెదను, నా వంతునకు ముందుకు వచ్చెదను" అని ఆ బాలుడు ధైర్యముతో చెప్పగలుగవలెను. ఆ వంతు నిజముగా వచ్చునట్లు చూచు బాధ్యత పెద్దలది. అందులకు వేల రూపాయలు అక్కరలేదు. నడిమి గీతకు మూడు మీటర్ల దూరమున ఒక ముగ్గుపిండి గీత గీయించి, ఆరు పేర్లు గల ఒక కాగితము చేతబట్టి నేటి సాయంకాలమే మొదలుపెట్టవచ్చును.